పద్దెనిమిది ఇంచుల రిమ్ములు

ఆ వీధిలో అందరూ ఆమెను టైరక్క అనే పిలుస్తారు. తండ్రి పోయాక ఆమె టైర్ల షాపు చేతిలోకి తీసుకున్నప్పుడు, ఆడమనిషి పానా పడితే చక్రం దారిలో ఊడిపోతుందేమోనని జంకిన మహానుభావులే ఇప్పుడు ఆమె చెయ్యి పడితే తప్ప బండి బయటికి తీయరు. నోరు మాత్రం మంచిది కాదు. చిన్న కారు తెచ్చి, లారీకి సరిపోయే చక్రాలు వెయ్యమనే షోకిలా రాయుళ్లను చెడామడా తిట్టి పంపించేది.

"రిమ్ము పెద్దదైతే బండికి బలం రాదు నాయనా, బరువొస్తుంది. ఇనప బూట్లు తొడిగి నిన్ను పరిగెత్తమంటే పరిగెత్తుతావా?"

తిట్టకుండా పని చేసేది ఒక్క తమ్ముడికే. నలభై దాటినా ఆమెకు వాడు చిన్నోడే. డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పుకుని బతికే మనిషికి ఒకటే పిచ్చి: రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, ఏడాదికోసారి కొండ రోడ్డు మీద జరిగే రేసు. గెలిచిన ఏళ్లు తక్కువే. ఓడిపోయి వచ్చినా పెళ్లివారిలా నవ్వుతూ వచ్చేవాడు.

ఇద్దరి మధ్యా ఒక పద్ధతి ఉండేది. అక్క ఆ కారు స్టీరింగు ముట్టుకోదు. తమ్ముడు పానా ముట్టుకోడు. వాడు గోడౌన్ల వెనక రోడ్డులో ఓ చుట్టు తిప్పి వచ్చి చెప్పేవాడు. "ముందు ఎడమ చక్రానికి గాలి ఎక్కువైందక్కా." "మలుపులో వెనక భాగం తొందరపడుతోందక్కా." కొలిచి చూస్తే నిజంగానే రెండు పాయింట్లు తేడా ఉండేది. అరచేతులతో, పాదాలతో, కూర్చున్న నడుముతో రోడ్డును చదివేవాడు. టైరు అరుగుదల ఒకటి చెప్పి తమ్ముడు ఇంకొకటి చెబితే ఆమె తమ్ముడి మాటే తీసుకునేది. ఇన్నేళ్లలో ఆ నమ్మకం ఒక్కసారీ తప్పలేదు. ఆమె కొంప ముంచింది కూడా అదే.

ఆ ఏడు వానలు వెనకబట్టాక వాడొచ్చి, "స్టీరింగు మొద్దుబారిందక్కా. కింద రోడ్డుందో లేదో తెలియట్లేదు," అన్నాడు.

బండికున్నవి పదిహేను ఇంచుల రిమ్ములు, ఎత్తయిన గోడలున్న టైర్లు. ఆ తేలికపాటి కారుకు పుట్టుకతో సరిపోయిన కొలత. టైరు అంచులు పరీక్షగా చూసింది. అరుగుదల ముచ్చటగా, సమానంగా ఉంది. అయినా తమ్ముడు చెప్పాడు కదా అని పదహారు వేసింది. కొన్నాళ్లకే వాడు మళ్లీ మొహం వేలాడేసుకుని వచ్చాడు. పదిహేడు వేసింది.

బయటి ఎత్తు మారకూడదు. మారితే స్పీడు ముల్లు అబద్ధం చెబుతుంది, గేర్ల లెక్క తప్పుతుంది. అందుకే రిమ్ము పెంచినకొద్దీ టైరు గోడను తగ్గించుకుంటూ పోవాలి. ఎత్తయిన గోడ గుంతను తాను మింగుతుంది, మలుపులో కాస్త వంగుతుంది, పట్టు వదిలే ముందు డ్రైవరుకి ఒక మాట చెప్పి మరీ వదులుతుంది. పొట్టి గోడ అలా కాదు. స్టీరింగు కదిపిన మరుక్షణం బండి తిరుగుతుంది, గులకరాయి కూడా చేతికి తగులుతుంది, కానీ పట్టు పోయేటప్పుడు చెప్పా పెట్టకుండా పోతుంది. కొండ రోడ్డు నిండా అతుకులు, గతుకులు. అక్కడ పదిహేడు మీద ఆ బండి గంతులేస్తుందని ఆమెకు తెలుసు. తెలిసీ బిగించింది. వాడి చేతుల మీద ఉన్న నమ్మకం ఆమెకు తన కళ్ల మీద లేదు.

పదిహేడు బిగించిన రోజున ఓ షోకిలా రాయుడితో పెద్ద రభస జరిగింది. ముందు ఎడమ టైరుకి గాలి పడుతుండగా వాడు గొంతు లేపాడు. ఈమె గొట్టం కింద పడేసి వెళ్లి రెండింతలు లేపింది. గెలిచి తిరిగొచ్చిన సంతోషంలో ఆ టైరు సగం గాలితోనే మిగిలిపోయిన సంగతి మర్చిపోయింది. పొట్టి గోడ టైరు కదా, గాలి తగ్గినా కంటికి ఆనదు. తమ్ముడు తాళం తిప్పుకుంటూ వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చినప్పుడు వాడి మొహం వెలిగిపోతోంది.

"బ్రహ్మాండం అక్కా! నాలుగు చక్రాలూ ఒక్క తాటి మీద ఉన్నాయి!"

ఆమె అలవాటుగా వంగి ఒక్కో టైరునూ చేత్తో తడుముతూ వచ్చింది. ముందు ఎడమ టైరు మీద చెయ్యి వేసి, "అమ్మో" అని వెనక్కి లాక్కుంది. గాలి లేక నలిగి నలిగి పెనంలా కాలిపోతోంది.

"ఏమైందక్కా?" అంటూ వాడూ వంగి అదే టైరు మీద అరచెయ్యి ఆనించాడు. "ఏముంది, మామూలుగానే ఉందిగా?"

చెయ్యి తియ్యలేదు. అలాగే ఆనించి, నవ్వుతూ, ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆమె వాడి మణికట్టు పట్టుకుని లాగింది. అరచెయ్యి ఎర్రగా కంది ఉంది. వేళ్ల మీద పాతవి, మానినవి, ఇంకా రెండు మూడు కాలిన మచ్చలు కనిపించాయి.

"ఎన్నాళ్లనుంచిరా?"

వాడి నవ్వు ఒక్కసారిగా ఆరిపోయింది. చెయ్యి విడిపించుకుని జేబులో దాచుకున్నాడు.

"మొదట పాదాలు. ఇప్పుడు చేతులు. నరాలు చచ్చిపోతున్నాయన్నాడు డాక్టరు. ఆపే మందు లేదట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తాళం లాక్కుంటావుగా."

మొద్దుబారింది బండి కాదు. బండిలో ఏ లోపమూ లేదు. ఏ లోపమూ లేని బండిని తన చేతులతో తానే ఒక్కో ఇంచూ చెడగొడుతూ వచ్చింది. అంతకన్నా ఏడుపొచ్చే సంగతి ఏమిటంటే, వాడు తెలిసే అడిగాడు.

"పదిహేడులో ఇంకా కొంచెం అందుతోందక్కా," అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ. "సన్నగా. పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు. పద్దెనిమిది వేస్తే గట్టిగా అందుతుంది. ఇదీ ఎన్నాళ్లో చాలదని తెలిసి ముందే ఆర్డరు పెట్టేశాను, షాపుకే వస్తాయి. ఈ ఒక్క రేసుకి బిగించు. మళ్లీ అడగను, నీ మీద ఒట్టు."

"ఆ కొండ మీద బండి చెప్పకుండా జారుతుందిరా. జారినట్టు నీకు తెలిసేసరికి లోయలో ఉంటావు."

"తెలియకుండా బతికేకంటే..."

"నోర్ముయ్!" అని అరిచింది. వీధంతా అటు తిరిగి చూసింది. జీవితంలో వాణ్ని తిట్టడం అదే మొదలు. ఆ కాలిన టైరుతో పంపలేక బండిని షాపులోనే ఉంచేసుకుంది.

మర్నాడు మరదలు వచ్చింది. షాపులో స్టూలు మీద కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అన్నం గిన్నె దించి, చెయ్యి కాలినట్టే తెలియక అలాగే పట్టుకుని నిలబడతారు వదినా. నాకు కోపం వస్తే, మా అక్కకి చెప్పకు అని బతిమాలతారు. నేనాపితే ఆగరు. మీరు బిగించకపోతే మాత్రం ఆగుతారు. ఇంకో షాపు గడప తొక్కరు. ఆ సంగతి మీకూ తెలుసు."

తెలుసు. అదే నరకంగా ఉంది ఆమెకు. వాడి ప్రాణం తన చేతిలో ఉంది, సరే. వాడి సంతోషం కూడా తన చేతిలోనే ఉంది. ఒకటి మిగలాలంటే రెండోదాన్ని తానే తుంచాలి. ఇంకెవరైనా తుంచితే వాడు తన దగ్గరికే వచ్చి ఏడ్చేవాడు. తాను తుంచితే ఎవరి దగ్గరికి పోతాడు?

పద్దెనిమిది ఇంచుల రిమ్ములు వచ్చాయి. అట్టపెట్టెలు విప్పకుండా, తెచ్చిన వ్యానులోనే వెనక్కి పంపేసింది. కారును జాకీల మీదికి లేపి పదిహేడు విప్పింది. మూల పడేసిన పదిహేను రిమ్ములు తుడిచి, ఎత్తు గోడల టైర్లు ఎక్కించి, నాలుగింటికీ గాలి రెండేసి సార్లు కొలిచి చూసుకుంది. పని చేస్తున్నంతసేపూ కళ్లు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోలేదు.

సాయంత్రం వాడు వచ్చేసరికి కారు షాపు ముందు ఉంది. స్టీరింగు వెనక అక్క ఉంది. వాడు చక్రాల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. గొడవ పడతాడనుకుంది. పడలేదు. పక్క తలుపు తీసుకుని, లోపల పాదం ఎక్కడ పెట్టాడో కళ్లతో చూసుకుని మరీ, మెల్లగా కూర్చున్నాడు.

గోడౌన్ల వెనక రోడ్డు ఖాళీగా ఉంది. ఆమె భయం భయంగానే నడిపింది. మొదటి గతుకు వచ్చింది. టైరు దాన్ని మింగి, మిగిలిన కాస్త ముక్కను ఆమె వేళ్లకు అందించింది. పెద్ద మలుపులో కాస్త వేగం పెంచింది. ముందు టైర్లు వంగుతున్న సంగతి అరచేతుల్లోకి వచ్చింది. వెనక భాగం కొంచెం జరుగుతానన్న సంగతి నడుముకి తెలిసింది. స్టీరింగు వెంట్రుకవాసి వదిలితే బండి దానంతటదే సర్దుకుంది. ఇన్నేళ్లు కొలిచి, బిగించి, తుడిచి పంపింది దీన్నా? ఇంత ఆనందాన్నా వీడు పోగొట్టుకుంది?

"ఎలా ఉంది?" అన్నాడు వాడు, ముందుకే చూస్తూ.

"ఏముందిరా, మామూలు బండి. నాకేం తెలుస్తుంది?"

"అబద్ధాలాడకు. నీ మొహం చూశాను."

కారు పక్కకు ఆపింది. ఇంజను ఆపలేదు. వాడి రెండు చేతులూ మోకాళ్ల మీద బోర్లా పడి ఉన్నాయి. ఆమె ఒక చేతిని తన చేతిలోకి తీసుకుని గట్టిగా నొక్కింది. నొక్కుతున్నట్టు వాడికి తెలియలేదు. రోడ్డు వంకే చూస్తూ ఉన్నాడు. చూపు దించి, తన చెయ్యి అక్క చేతిలో ఉండటం చూశాకే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మళ్లీ తిప్పక్కా, ఆ మలుపు," అన్నాడు. "ఈసారి తిరుగుతుండగానే చెప్పు. ఏ చక్రం ఏమంటోందో. ఏదీ వదలకుండా."

ఆమె బండి వెనక్కి తిప్పింది. మలుపు దగ్గరవుతుంటే వాడు కళ్లు మూసుకున్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మాటలు సరిగా దొరకలేదు, అయినా ఎడమది, కుడిది, వెనకవి రెండూ, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది.

"ఇంకాస్త నెమ్మదిగా చెప్పక్కా," అన్నాడు వాడు. "అప్పుడే అయిపోగొట్టకు."