తెర తుడిచే గుడ్డ

ఉదయం నుంచి అప్పటికి మూడుసార్లు తుడిచింది ఆయమ్మ. కంప్యూటర్ తెర మీది మరకలు వెలుతురు పడితే గానీ కనిపించవు. అందుకే ప్రతి బిడ్డ వంతుకూ, అవతల డాక్టరమ్మ ముఖం కనిపించేదాకా ఆగి అప్పుడు మొదలుపెడుతుంది. నుదురు, బుగ్గలు, గడ్డం. ఆ తర్వాత పసుపు గుడ్డను నాలుగు మడతలు పెట్టి, మడమలెత్తి గోడ మేకుకు తగిలిస్తుంది.

"నా ముఖం కడగడం అయిందా ఆయమ్మా? ఇక మాట్లాడొచ్చా?" రెండేళ్లుగా ప్రతి మంగళవారం డాక్టరమ్మది ఇదే వేళాకోళం. రెండేళ్లుగా ఆయమ్మ అలాగే సిగ్గుపడుతోంది.

ఆరోగ్య కేంద్రంలో ఈ గది ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసే చోటు. ఇప్పుడు బుద్ధి ఎదుగుదల మందగించిన పిల్లల్ని తల్లులు ఇక్కడికి తెస్తున్నారు. ఎక్కడో పట్నంలో కూర్చున్న డాక్టరమ్మ తెరలోంచే బిడ్డను చూసి, ఏ పని ఎలా నేర్పాలో చెబుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయమ్మ ఊడవని గది ఇక్కడ లేదు. పొట్టి మనిషి, అరిగిన మోకాళ్లు, మోచేతుల దగ్గర వెలిసిపోయిన నీలం కోటు. ఆమె ఉద్యోగం ఈ రోజుతో ఆఖరు. ఆ సంగతి ఆమెకూ, ఆఫీసు కాగితానికీ తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆమె తమ్ముడూ ఇలాంటి పిల్లాడే. పెరటి గదిలో పదహారేళ్లు బతికి వెళ్లిపోయాడు. వాడికేం చేతనవునో ఎవరూ చూడలేదు. అక్క అయివుండి తనూ చూడలేదు. మంగళవారాలు ఆయమ్మకు ఇష్టం, కష్టం కూడా.

నాలుగో వంతు చిట్టిది. తొమ్మిదేళ్ల పిల్ల, నోట మాట లేదు, పిలిస్తే తిరిగి చూడదు. తల్లి రెండు బస్సులు మారి తీసుకొస్తుంది.

"ఇదే ఆఖరు, ఆయమ్మా. ఇక మేం రాం," అంది తల్లి కూర్చుంటూనే. "మూణ్ణెల్లయింది. గ్లాసు తెమ్మంటే తేదు, ఇమ్మంటే ఇవ్వదు. నా ఓపిక అయిపోయింది."

ఆయమ్మ తుడిచే సంగతే మరిచిపోయింది. గుడ్డ బల్ల మీద పెట్టేసి అలాగే నిలబడిపోయింది. డాక్టరమ్మ ముఖం వచ్చింది. ముక్కు మీద మరక ఉండనే ఉంది.

"చిట్టీ, గ్లాసు అమ్మకివ్వు," అంది డాక్టరమ్మ. చిట్టి చూడలేదు. మళ్లీ చెప్పింది. తల్లి తల దించుకుంది.

చిట్టి లేచింది. బల్ల మీది గుడ్డ తీసుకుంది. డాక్టరమ్మ నుదురు తుడిచింది, బుగ్గలు తుడిచింది, గడ్డం తుడిచింది. గుడ్డను వంకరటింకరగా నాలుగు మడతలు పెట్టి, గోడ దగ్గరికి వెళ్లి చెయ్యి చాచింది. మేకు అందలేదు. గుడ్డ జారి పడింది. తీసి, మళ్లీ మడిచి, మళ్లీ చెయ్యి చాచింది.

ఆయమ్మ సాయానికి కదలబోయింది.

"ఆగు, చెయ్యనీ!" డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఎవరు నేర్పారు?"

"నేనేం నేర్పలేదమ్మా," ఆయమ్మ కంగారుపడింది. "నా పని నేను చేసుకున్నానంతే."

"అదే నేర్పడం. గ్లాసు సంగతి వదిలేద్దాం. తల్లీ, ఇంట్లో నువ్వు రోజూ చేసే పని ఒకటి ఎంచుకో. అడగొద్దు, చెప్పొద్దు. చిట్టిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెయ్యి. చాలు."

తల్లి కళ్లు తుడుచుకుని నవ్వింది. "బట్టలు మడతపెడతానండీ. కొండంత ఉంటాయి."

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "వచ్చే మంగళవారం ఇదే టైముకొస్తాం. నువ్వుంటావుగా, ఆయమ్మా?"

"గుడ్డ ఉంటుందిలే," అంది ఆయమ్మ.

సాయంత్రం తాళాలు ఆఫీసులో ఇచ్చే ముందు వాచ్‌మన్ దగ్గర సుత్తి అడిగి తెచ్చుకుంది. మోకాళ్లు మూలుగుతున్నా నేలకు ఆనించి, గోడకు కొత్త మేకు కొట్టింది. కోటు విప్పి కుర్చీకి తగిలించింది. టిఫిన్ డబ్బా తీసుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సు ఎక్కేసింది.

గదిలో, చిట్టి భుజం ఎత్తున, నాలుగు మడతల పసుపు గుడ్డ వేలాడుతోంది.