ఆయన ఎనిమిది జీబీ

పప్పు పొయ్యి మీద పెట్టి, ఆయన పాత కంప్యూటర్ మీద దుమ్ము తుడుస్తుంటే మరిది ఈశ్వర్ వచ్చాడు. కిందటి వారం అది పూర్తిగా ఆగిపోయింది. పదో తరగతి లెక్కల పాఠాల వీడియోలు చేయడానికి కొత్తది అసెంబుల్ చేయించుకుంటానని చెప్పాను.

"వదినా, అన్నయ్యది ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్నాది కదా. కొత్తదాన్లో పెట్టించీ. గుర్తుగా ఉంటాది."

కాదనలేకపోయాను. ఆయన పోయి పద్నాలుగు నెలలు. పాతదాంట్లోంచి ఆ ర్యామ్ ముక్కను ఊడదీసి, కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నాను. గరివిడిలో విజయనగరం బస్సెక్కాం.

షాపు హరిబాబు నేను రాసుకొచ్చిన చీటీ చూడలేదు. ఈశ్వర్‌నే అడిగాడు. "మేడమ్‌కి ఏటి వాడకం సార్? మార్కులు ఎక్కించడానికేగా. ర్యామ్ స్పీడు ఎంతైతే ఏటి?"

నేను లెక్కలు చెప్పే బడిలోనూ అంతే. కంప్యూటర్ గది తాళం మాస్టార్ల దగ్గర, గది శుభ్రం చేయించే బాధ్యత నాది. ఇంట్లో కంప్యూటర్ ఆయన చూడటం అయ్యాక, నేను గిన్నెలు కడగడం అయ్యాక, అప్పుడు నా వంతు వచ్చేది.

"వీడియోలు చేస్తాను," అన్నాను. "చీటీలో రాసిన బోర్డుకి 3200 స్పీడు ర్యామ్ పడుతుంది. పదహారు జీబీవి రెండు, ఒకే జత ఇవ్వండి."

హరిబాబు నావైపు తిరిగాడు. "సదువుకునే వచ్చేరే!"

ఈశ్వర్ నా సంచిలోంచి ఆ కాగితం పొట్లం తీశాడు. "ఇది కూడా పెట్టీయండి."

హరిబాబు తిప్పి చూశాడు. "ఇది 2400. పెడితే పనిచేస్తాది. కానీ కొత్తవి కూడా దీని స్పీడుకే దిగిపోతాయి మేడమ్."

పెళ్లైన కొత్తలో, కోటబొమ్మాళి స్టేషన్ నుంచి అత్తగారింటికి నడుస్తుంటే ఆయన వెనకనుంచి అన్నారు. "ఒసే, ఏటా పరుగు? మొగుణ్ణి దాటి పోతావేటి?" అత్తగారు నవ్వారు. నేను వేగం తగ్గించుకున్నాను. తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆఖరి రెండేళ్లూ ఆయన కాళ్లలో బలం పోయి, నా భుజం పట్టుకుని నడిచేవారు. ఆ నెమ్మది నాకెప్పుడూ బరువు కాలేదు. అది నేను ఇచ్చింది. పెళ్లైన కొత్తలోది నన్ను అడగకుండా తీసుకున్నది. ఈ తేడా నాకు ఇన్నాళ్లూ తెలిసే ఉండాలి. మాటల్లో పెట్టుకున్నది మాత్రం హరిబాబు షాపు బల్ల ముందే.

"వద్దు," అన్నాను. "కొత్త జత ఒక్కటే పెట్టండి."

"మరి అన్నయ్య గుర్తు?" ఈశ్వర్ గొంతు తగ్గింది.

"నా దగ్గరే ఉంటుంది."

ముక్కను మళ్లీ కాగితంలో చుట్టి, సంచిలో నా కళ్లజోడు పక్కన పెట్టుకున్నాను. కంప్యూటర్ సోమవారం ఇస్తానన్నాడు హరిబాబు, ఈసారి నాతోనే.

బయట ఎండ హాయిగా ఉంది. బస్టాండు వైపు నడిచాను. కాసేపటికి వెనకనుంచి ఈశ్వర్ కేక.

"ఓ వదినా, ఆగు! ఏటా నడక?"

"నువ్వు నెమ్మదిగానే రా," అన్నాను. "బస్సులో సీటు పట్టి ఉంచుతాను."