పదిహేడో ప్రశ్న

"ఒక్క ప్రశ్నకి ఇరవై రెండు నిమిషాలేటి, మైథిలీ?"

మొగుడి కేక విని మైథిలి పిండి చేతులతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆమె పొద్దున రాసిన మాక్ టెస్టు ఫలితం శ్రీరామ్ లాప్‌టాప్‌లో చూస్తున్నాడు. ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగిందో అందులో నిమిషాలతో సహా ఉంటుంది. ఎల్లుండే కలకత్తాలో నెట్ పరీక్ష, మూడు గంటలూ కంప్యూటర్ మీదే. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, తొమ్మిదేళ్ళు తాల్‌బగీచా పేటలోని ఈ ఇంటికి చాకిరీ చేసి, కాలేజీలో పాఠం చెప్పాలని రాస్తున్న మొదటి పరీక్ష.

"పదిహేడు దగ్గర ఇరవై రెండు. ముప్పై ఒకటి దగ్గర పంతొమ్మిది. చివరి పదీ ముట్టుకోనే లేదు. ఈపాటిదానికి కలకత్తా ఎందుకు? టిక్కెట్లు క్యాన్సిల్ చేసేస్తాను. వచ్చే ఏడు చూద్దారి."

రైల్వే ఆఫీసులో ఫైలు పక్కన పడేసినంత తేలిగ్గా అనేశాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పదిహేడు దగ్గర మీ అమ్మగారికి వేణ్ణీళ్ళు తోడి, వీపు రుద్ది వచ్చినాను. ముప్పై ఒకటి దగ్గర మీ ఆఫీసు బెంగాలీ దాదాలొస్తే టీ పెట్టినాను. చివర్లో మీ కళ్ళజోడు వెతికినాను. అది మీ నెత్తి మీదే ఉంది."

"ఆడలేక మద్దెల ఓడందట!" అని నవ్వాడు.

ఈ ఇంట్లో ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పిలిచారు, అంతే. అన్నం మధ్యలో పిలిచారు, తల దువ్వుకుంటుంటే పిలిచారు, ఏడుస్తుంటే కూడా పిలిచారు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలోనైనా మూడు గంటలు కదలకుండా కూర్చున్న గుర్తు లేదు. ఆ పరీక్ష హాల్లో ఒక కుర్చీ తన పేరు మీద ఉంది. వెంట వచ్చే ఈ మనిషిని గేటు దగ్గరే ఆపేస్తారు. అది తలుచుకుంటేనే ప్రాణం లేచొచ్చింది.

చేతులు కడుక్కొచ్చింది.

"టిక్కెట్లు ముట్టుకోకండి. ముట్టుకుంటే లోకల్ రైల్లో నిలబడైనా పోతాను. లేవండి, ఇంకో టెస్టు రాయాలి."

"మరి చపాతీలు?"

మైథిలి ఆ కుర్చీలో కూర్చుని టెస్టు మొదలుపెట్టింది. నాలుగో ప్రశ్నలో ఉండగా లోపలి గదిలోంచి అత్తగారు లలితాంబ గొంతు వినిపించింది. "అమ్మాయ్, మాత్రలేవీ?"

శ్రీరామ్ మైథిలి వైపు చూశాడు. అలవాటు కొద్దీ కాళ్ళు లేవబోయాయి. పళ్ళు బిగించి కూర్చుంది. పిలుపు మళ్ళీ వచ్చింది, ఈసారి కాస్త గట్టిగా.

"మీ అమ్మగారు పిలుస్తున్నారు, వెళ్ళండి," అంది మైథిలి, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.