బుడతకీచు కత్తికి బొట్టు

బహ్లాలో ఒక ఒమానీ పెద్దమనిషి పాత ఆయుధాలు సేకరిస్తాడు. వాటిని బాగుచేసేవాడు మా తమ్ముని కుమారుడు జయదేవ్. అతనికి తోడు కడప వాడైన యాకూబ్. మహర్నవమినాడు పనిముట్లకు పూజ చేయమంటే మస్కట్‌లోని ఖురం నుండి వెళ్లాను.

సుత్తులు, ఆకురాళ్ల నడుమ ఒక పొడవైన కత్తి ఉంది.

"పదహారువందల యాభైలో మస్కట్ కోట పోగొట్టుకున్న పోర్చుగీసు సిపాయిది, పెదనాన్నా," అన్నాడు జయదేవ్.

బుడతకీచులనేవారు వారిని మన పెద్దలు. అంచున రెండు గంట్లు. ఎవరి దెబ్బ కాచుకున్నాడో, స్వదేశం చేరాడో లేదో! ఆ కత్తికీ తడిపసుపు పూసి కుంకుమ దిద్దాను. యాకూబ్ ఏదో అనబోయి ఆగాడు. ఆ ఆగడమే నాకు నచ్చలేదు.

తెల్లవారి చూస్తే కత్తి లేదు. పనిగది తాళం చెక్కుచెదరలేదు, రెండో తాళంచెవి యాకూబ్‌దే.

"నిన్నంతా అతని చూపు దానిమీదే. యజమానికి చెప్పు," అన్నాను.

జయదేవ్ తటపటాయిస్తూనే ఫోన్ చేశాడు. "వాడే అయితే సాయంత్రానికి విమానమెక్కిస్తాను. వస్తున్నా," అన్నాడు యజమాని.

యాకూబ్ రూముకు వెళ్లాం. తలుపు జానెడే తెరిచాడు, చేతులనిండా నూనె.

"లోపలికి రావద్దు, దుమ్ము పడతాది."

తోసుకుని వెళ్లాను. తెల్లగుడ్డ మీద కత్తి. నేను బొట్టు పెట్టినచోట, నా వేలిముద్రంత కొత్త తుప్పు.

"పాత ఇనుముకు తడి పనికిరాదు పెద్దాయనా."

"నిన్ననే చెప్పరాదా?"

"మీరు కండ్లు మూసుకొని మంత్రాలు చదువుతాంటిరి. దీపం ఎలుగుతాంటే దాని ముందర బొట్టు తుడిచేదానికి చేతులు రాల్యా. అందుకే ఈడికి తెచ్చినా."

అంతలో మమ్మల్ని వెతుక్కుంటూ యజమాని అక్కడికే వచ్చాడు. ఆయన చూపు యాకూబ్ మీద పడకముందే, నాకు వచ్చిన హిందీలో, "తీసుకెళ్లింది ఇతడే, పాడుచేసింది నేను. తప్పుడు అనుమానమూ నాదే," అన్నాను.

ఆయన మచ్చను చాలాసేపు చూశాడు. "యాకూబ్ ఉంటాడు. మీరు మాత్రం నా బల్ల దగ్గరికి రాకండి."

నాడు విజయదశమి. సాయంత్రం గాఫ్ చెట్టు ఆకులు కోశాను. మన జమ్మే అది. చిన్నవారు పెద్దల చేతికివ్వడం ఆచారం. నేనే ముందుగా యాకూబ్ చేతిలో పెట్టాను.

అతడు ఆకును తిప్పి చూసి, "దీనికి తడి లేదు గదా, పెద్దాయనా?" అన్నాడు.