చెప్పే మనిషి

మధ్యాహ్నం రెండు దాటింది. ఆ నర్సు ఇంకా గుక్కెడు నీళ్లు తాగలేదు. ఇరవై రెండు పడకల వార్డులో ముగ్గురుండాల్సిన చోట ఆమె ఒక్కతే. ఒకామె జ్వరంతో సెలవు పెట్టింది, ఇంకొకామె ఉద్యోగమే మానేసింది. ఆరో పడక మీది ముసలాయనకు సెలైన్ మారుస్తుంటే పెద్ద డాక్టరు గుమ్మంలోంచి పిలిచాడు.

"ఐసీయూలో అతను పోయాడమ్మా. భార్య బయటుంది. కాస్త వెళ్లి చెప్పు. నువ్వు చెబితే తట్టుకుంటారు."

పదకొండేళ్లుగా చావుకబురు చెప్పే పని ఆమెదే. ఆ పని ఏ కాగితంలోనూ లేదు, జీతంలోనూ లేదు. కొత్తలో ఒక తల్లిని పొదువుకుని తనూ ఏడ్చింది. ఆమెది మంచి మనసన్నారంతా. అప్పట్నుంచి ఆ కబుర్లన్నీ ఆమె నెత్తినే పడ్డాయి.

బయట బెంచీ మీద పోయినతని భార్య, అతని బట్టలున్న సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నర్సు పక్కన కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఆయన వెళ్లిపోయారమ్మా. బాధేం తెలియలేదు, నిద్రలోనే పోయారు."

ఆమె నర్సు ముఖంలోకి చూసింది.

"నిన్న పోయిన ఆ అమ్మాయి తల్లికీ ఇదే చెప్పావు. నేనిక్కడే ఉన్నాను. చెయ్యి కూడా ఇలాగే వేశావు."

నర్సు చెయ్యి తీసేసింది.

"నిజం చెప్పు తల్లీ. ఆయన పోయేటప్పుడు నువ్వు దగ్గరున్నావా?"

"లేనమ్మా. వార్డులో ఉన్నాను."

అప్పుడేడ్చిందామె, సంచీలో ముఖం దాచుకుని. నర్సు పక్కనే కూర్చుంది. కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆరో పడక సెలైన్ సరిగ్గా ఎక్కుతోందా అని ఆలోచిస్తున్నట్టు తనకే తెలిసింది. కిందటి నెల తన నాన్న పోయినప్పుడు అక్క భుజం నిమురుతూ తను ఇవే మాటలు చెప్పింది. "నీకు ఏడుపు రాదేమే?" అంది అక్క.

నాలుగింటికి డాక్టరు మళ్లీ వచ్చాడు, చేతిలో రిపోర్టుతో.

"పన్నెండో పడక పెద్దావిడ సంగతి. ఇక లాభం లేదు. కొడుకొచ్చాడు, కాస్త నువ్వు..."

"మీరే చెప్పండి డాక్టరు గారూ."

"నాకు అలాంటివి రావమ్మా."

"నాకూ వచ్చేవి కావండీ."

గొంతు పెంచలేదు. రిపోర్టు అందుకోవడానికి చెయ్యీ చాపలేదు. డాక్టరు అలాగే నిలబడిపోయాడు.

వార్డు గుమ్మం దగ్గర కూర్చున్న కొడుకు వాళ్లిద్దర్నీ చూసి లేచాడు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక మధ్యలో ఆగిపోయాడు.