దగ్గు తీసేసిన చోట

ఆ వారం నేను చేయాల్సిన పనులు: మా ఊరి బట్టల మిల్లు ఎందుకు మూతపడిందో చెప్పే వీడియోకి స్క్రిప్టు రాయడం. మిల్లు పాత ఫొటోలు వెతికి పట్టుకోవడం. వీడియోకి గొంతిచ్చే హీరోగారికి నోరు తిరగని మాటలు మార్చడం. అప్పట్లో అక్కడ పనిచేసినవాళ్లలో ఒకరిని కెమెరా ముందు కూర్చోబెట్టడం. ఇంటికెళ్తూ పిన్నికి దగ్గు మందు తీసుకెళ్లడం.

చివరి రెండూ ఒక్క మనిషి దగ్గరే తీరిపోతాయని తట్టగానే సంబరపడ్డాను.

మా ఛానల్ చరిత్ర, సైన్సు కథలుగా చెబుతుంది. ‘మేం పక్షం పట్టం, పాఠం చెబుతాం’ అని స్టూడియో గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఛానల్ నడిపే ఆయన ఒకప్పుడు ట్యూషన్లు చెప్పేవారు కాబట్టి అందరం మాస్టారనే పిలుస్తాం. వీడియోలకు గొంతు మాత్రం ఒక సినిమా హీరోది. ఆయన కిరాణా చీటీ చదివినా వినేవాళ్ల కళ్లు చెమరుస్తాయి. అప్పుడే ఎన్నికలొచ్చాయి. మిల్లు యజమాని కొడుకు పోటీలో దిగితే, హీరోగారు ఆయన పక్కన వ్యాన్ మీద నిలబడి వీధివీధికీ చేతులూపారు. ఆ కొడుకే ఊళ్లోని బడులన్నిటికీ పెద్ద తెరలు ఇస్తున్నాడు. వాటి మీద మొదట వేసేది మా మిల్లు వీడియో.

“దానికీ దీనికీ ముడిపెట్టకండి” అన్నారు మాస్టారు. నేను పెట్టలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. చదువు చెప్పే నోట అబద్ధం రాదని నమ్మిన ఇల్లు మాది.

ఆ నమ్మకం పిన్నిది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. మిల్లులో నూలు వడికింది, కార్మిక సంఘాన్ని నడిపింది. దూది ధూళి ఊపిరితిత్తుల్లో చేరి, రెండు మాటలకొక దగ్గు మిగిలింది.

“నన్నెవరు చూస్తారే? ఈ దగ్గుకి పిల్లులే పారిపోతాయి” అంది, నేను అడిగితే.

“ఉన్నది ఉన్నట్టు చెప్పు పిన్నీ, చాలు.”

“ఉన్నది చెప్తే ఊరుకుంటారా మీవాళ్లు?”

“అది చదువు చెప్పే చోటు పిన్నీ.”

ఆ మాటతో మెత్తబడింది. ఉన్నవాటిలో మంచి బట్టలు ఇస్త్రీ చేసుకుని వచ్చింది. లైట్ల ముందు కూర్చుని, పక్కన నీళ్ల గ్లాసు పెట్టుకుని, ఎవరి మీదా కోపం లేకుండా చెప్పింది.

“అవును, ఆ రోజు గేటుకి తాళం వేసింది నేనే.” దగ్గింది. చాలాసేపు దగ్గింది. “బాయిలర్ పగులిచ్చింది. ముందురోజే ఒక పిల్లాడు నిలువునా కాలిపోయాడు. లోపలికి పోతే ఇంకెంతమంది...” మళ్లీ దగ్గు. “బాగుచేయిస్తామని యజమాని వాళ్లు ఒప్పుకోగానే తాళం నేనే తీశాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి నడిచిందమ్మా మిల్లు. మూసింది మేం కాదు. యంత్రాలు ఒక్కొక్కటీ అమ్ముకుని మూసింది వాళ్లు.” ఆ చివరి మాటలు కూడా దగ్గుల మధ్యే వచ్చాయి.

నేను రాసిన స్క్రిప్టులోనూ ఇదే ఉంది. అప్పటి పత్రికలు తిరగేసి సరిచూసుకున్నాను కూడా.

బడులకు పంపే ముందురోజు ఎడిటింగ్ గదిలో వీడియో చూశాను. తెర మీద పిన్ని. “అవును, ఆ రోజు గేటుకి తాళం వేసింది నేనే.” వెంటనే బూజు పట్టిన మిల్లు, విరిగిన కిటికీలు, ఎగిరిపోతున్న పావురాలు. హీరోగారి గొంతు: “ఒక్క తాళం... ఊరంతటి పొయ్యినీ ఆర్పేసింది.” తర్వాత సంగీతం, ‘కొత్త నాయకత్వం’ మీద రెండు ముక్కలు, ఉదయిస్తున్న సూర్యుడు.

“మిగతాదేదీ?” అన్నాను.

ఎడిటర్‌ని మేమందరం కత్తెర అంటాం. కుర్చీ తిప్పకుండానే అన్నాడు, “దగ్గు ఉంది కదా. ఊపిరి కోతలో పోయింది.”

ఊపిరి కోత మా పని పద్ధతి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి, తడబాటు, దగ్గు వినిపిస్తే జనం వీడియో వదిలి వెళ్లిపోతారని, అవి ఉన్న ముక్కల్ని ముందే తీసేస్తాం. పిన్ని కారణం చెప్పిన ప్రతి వాక్యంలోనూ దగ్గు ఉంది. నేరంలా వినిపించే వాక్యం ఒక్కటే శుభ్రంగా వచ్చింది.

“సరే, దగ్గు పోయింది. మరి నేను రాసిన వాక్యాలో? వాటికేం రోగమొచ్చింది?”

“నన్నడక్కు తల్లీ. నేను కత్తెరని. పట్టుకున్న చెయ్యి వేరే ఉంది.”

మాస్టారి గదిలోకి వెళ్లాను. ఆయన నలుగురితో కలిసి టీ తాగుతున్నారు.

“సార్, ఆ తర్వాత కూడా మిల్లు నడిచింది. ఆ ఒక్క మాటైనా పెట్టండి.”

“అమ్మాయ్, మనం అన్నదాంట్లో అబద్ధముందా? తాళం ఆవిడ వేయలేదా?”

“ఎందుకు వేసిందో తీసేశారు కదా సార్.”

“ఎందుకు అని మొదలుపెడితే అది రాజకీయం. మనం పాఠం దగ్గరే ఆగుతాం.”

“ఆవిడ మా పిన్ని సార్. రేపు మా వీధి పిల్లలందరూ చూస్తారు.”

ఆయన కప్పు కింద పెట్టారు. ముఖంలో కోపం లేదు, లెక్క తేలినవాడి తృప్తి ఉంది.

“చుట్టాన్ని తెచ్చి కూర్చోబెట్టి, నాకా చెప్తున్నావు పక్షపాతం గురించి?”

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. తలుపు బయట గోడ మీద నినాదం మెరుస్తోంది. అదే రోజు ఉద్యోగం మానేశాను. వీడియోలోంచి నా పేరు తీసేయమన్నాను. అది మాత్రం అడిగిందే తడవుగా తీసేశారు.

మర్నాడు పక్కింటి అక్క ఫోనులో పిన్ని ఆ వీడియో చూసింది. తన ముక్క అయిపోయాక కూడా పావురాల్ని చూస్తూ కూర్చుంది.

“ఇంకా ఉంటుంది, ఆగు. దగ్గాక చెప్పాను కదా” అంది పక్కింటి అక్కతో.

అక్క నా వంక చూసింది. నేను తలదించుకున్నాను. సూర్యుడు ఉదయించి వీడియో అయిపోయింది.

“ఇదేనా?” అంది పిన్ని. అంతే. ఫోను అక్క చేతిలో పెట్టింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

బడి వదిలాక వీధిలో పిల్లలు ‘తాళం మామ్మా, తాళం మామ్మా’ అని పాట కట్టారు. వాళ్ల తప్పేముంది? పాఠం చక్కగా ఒంటబట్టింది. మిల్లులో పనిచేసినవాళ్లు పొద్దున పూట టీ కొట్టు దగ్గర చేరతారు. వాళ్లకు నిజం తెలుసు. అయినా వాళ్ల కొడుకులు, కోడళ్లు పిన్నిని చూసే చూపు మారింది. ఆవిడ అటు వెళ్లడం మానేసింది.

నా ఫోనుతో నేనే ఒక వీడియో తీశాను. ఈసారి దగ్గు రాకుండా చెప్పాలని పిన్ని ఊపిరి బిగబట్టింది. ముఖం కందిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, మాట రాలేదు. “దగ్గు పిన్నీ, ఫర్వాలేదు, దగ్గు” అన్నాను. కోత లేకుండా అలాగే పెట్టాను. చూసినవాళ్లు కొద్దిమంది. కింద ఒకరు రాశారు: ‘ముసలావిడకి మందు వేయించండి, ఏమీ వినబడటం లేదు.’

యజమాని కొడుకు గెలిచాడు. మిల్లు స్థలంలో ఏదో కడతారట.

ఆ వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. ఎప్పుడో మీకూ ఎదురవుతుంది. హీరోగారి గొంతుకి మీ కళ్లూ చెమరుస్తాయి, నాకు తెలుసు. ఇస్త్రీ బట్టల్లో ఒక ముసలావిడ వచ్చి, ‘తాళం వేసింది నేనే’ అంటుంది. పావురాలు ఎగరకముందే వీడియో ఆపండి. అక్కడొక దగ్గు ఉంది. ఆ దగ్గు వెనక పగిలిన బాయిలర్ ఉంది, ఆ రోజు లోపలికి వెళ్లకుండా బతికిన మనుషులున్నారు. వాళ్లకు అడ్డంగా నిలబడింది మా పిన్ని. ఆవిడని గుర్తుపెట్టుకోండి.