జానెడు వాకిలి

పొద్దున్నే తెరేసమ్మ చేసే మొదటి పని, పెరటి తలుపు తీయకుండా కిటికీలోంచి టబ్బు వంక చూడటం. మూత మీద ఏదన్నా పాకుతోందా, కింద పరిచిన పట్టా అంచు కదిలిందా, మోటారు పెట్టె దగ్గర ఏమన్నా చుట్టుకుని ఉందా. అన్నీ చూసుకున్నాక కూడా తలుపు గడియ మీద చెయ్యి వేయడానికి ఇంకో పావుగంట పడుతుంది. ఈలోగా టీ చల్లారిపోతుంది.

ఆ టబ్బు ఏంజెల్ తెచ్చింది. తెరేసమ్మకు ఒక్కగానొక్క కూతురు, బెజవాడలో ఫిజియోథెరపిస్టు. అమ్మ మోకాళ్లు అరిగి మంచం దిగడమే గగనమైపోయిందని, గాలి కొడితే ఉబ్బి, ప్లగ్గు పెడితే నీళ్లు వేడెక్కి బుడగలొచ్చే ఆ స్పా టబ్బును ట్రాలీ ఆటోలో వేసుకుని కంకిపాడు అవతలున్న ఈ ఊరికి వచ్చింది. రోజూ అరగంట అందులో కూచుని కాళ్లు ఆడించాలంది. మూడు నెలలు మానకుండా చేస్తే ఆపరేషన్ లేకుండా గడిచిపోవచ్చు, మానేస్తే మాత్రం తప్పదంది. ఇంట్లో పట్టలేదు గనక పెరట్లో పెట్టించింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

తెరేసమ్మకు పెరడంటే భయం. అలాంటిలాంటి భయం కాదు. ముప్పై ఏళ్ల కిందట ఆమె మొగుడు శౌరయ్య మడవ కట్టొస్తానని చేలోకి వెళ్లి, తాచు కరిచి గట్టు మీదే పోయాడు. ఆ రోజు నుంచీ ఈ టబ్బు వచ్చేదాకా ఆమె పెరటి గడప ఒంటరిగా దాటలేదు. బట్టలు వసారాలోనే ఆరేసుకుంటుంది. సొంత చెట్టు మునక్కాయలు పక్కింటివాళ్లు కోసిస్తే పుచ్చుకుంటుంది.

వేడీ తడీ ఒకచోట దొరికితే పురుగూ పుట్రా ఊరుకుంటాయా? మునగచెట్టు మీది గొంగళిపురుగులు మూత మీద రాలాయి. చీమలు మోటారు పెట్టెలో కాపురం పెట్టాయి. ఫిల్టరు విప్పితే ఒకరోజు అందులో జెర్రి. ఏంజెల్ గడ్డి కోయించింది, కొమ్మలు నరికించింది, చుట్టూ ఫినాయిల్ పోయించింది, మూతకి పట్టీలు బిగించింది. వారం రోజులు బాగుంటే మళ్లీ మామూలే. చివరికి, ఊళ్లోవాళ్లు మొదట్నుంచీ చెబుతున్న పనే చేశారు. పక్కింటి కనకలక్ష్మిని పిలిచారు.

కనకలక్ష్మి గీసిన ముగ్గుని పాకే ప్రాణి ఏదీ దాటదు. వాన దాన్ని కడగదు, చీపురు చెరపదు. గీసిన చెయ్యే తుడవాలి. రేషన్ షాపులో పంచదార బస్తాల చుట్టూ, అంగన్‌వాడీ గడప ముందూ ఆవిడే గీస్తుంది. ఆవిడకి నడుం పట్టేసిందంటే ఊరంతా కంగారుపడి కాపడం పెట్టడానికి వస్తారు.

ఆవిడ టబ్బు చుట్టూ గుండ్రంగా గీత లాగి, కాలవ వైపు మాత్రం ఒక జానెడు ఖాళీ వదిలింది. తెరేసమ్మ కళ్లు ఆ ఖాళీ మీదే నిలిచిపోయాయి.

"అదెందుకు వదినా? అది కూడా మూసెయ్."

"మూయకూడదు. లోపల ఏదన్నా ఉండిపోతే, పోవడానికి దారుండాలి."

"పోయే దారిలోంచి రావడం మాత్రం రాదా?"

కనకలక్ష్మి నవ్వి పిండి పళ్లెం పిట్టగోడ మీద పెట్టింది. ముగ్గు వచ్చాక చీమలు ఆగాయి, గొంగళ్లు ఆగాయి. కానీ తెరేసమ్మకు ఆ జానెడు చోటే కలల్లోకి వచ్చేది. పదో రోజున నీళ్లలో కూచుని ఉండగా పాదాన్ని ఏదో మెత్తగా తాకింది. కప్ప. ఆ రోజు ఇక కాళ్లు ఆడించకుండానే బయటికి వచ్చేసింది.

మర్నాడు కనకలక్ష్మి పెళ్లికని కంకిపాడు వెళ్లింది. ఊరంతా నాట్లలో ఉంది. రెండిళ్లకీ మధ్య పిట్టగోడ మీద ముగ్గుపిండి పళ్లెం అలాగే ఉంది. తెరేసమ్మ మరియమ్మ తల్లిని తలుచుకుని, వేళ్లతో చిటికెడు పిండి తీసి, వంగలేక వంగి, ఆ జానెడూ మూసేసింది. గీత వంకరగా వచ్చింది. అయినా ప్రాణం కుదుటపడింది. మూత తీసి, స్టూలెక్కి, నైటీతోనే నీళ్లలో దిగింది. ఇన్నాళ్లకి మొదటిసారి వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచేసరికి పట్టా అంచు లేస్తోంది.

తాచు. మోటారు వెచ్చదనానికి రాత్రంతా అక్కడే పడుకున్నట్టుంది. తొందరేమీ లేకుండా తిన్నగా కాలవ వైపు, ఇందాకటిదాకా ఖాళీ ఉన్న చోటికి వెళ్లింది. రోజూ తిరిగే దారిలా వెళ్లింది. గీత దగ్గర ఆగింది. తల అటూ ఇటూ తిప్పింది. గీత వెంబడే చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చింది.

తెరేసమ్మకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ అది తన కిందే పడుకుని, తన పక్క నుంచే పోతూ వచ్చింది. ఈ రోజు పోలేదు. పోకుండా చేసింది తనే.

అరిచినా వినేవాళ్లు దగ్గర్లో లేరు. ఫోను గీతకి అవతల కుర్చీ మీద ఉంది. పాము మూడో చుట్టుకి టబ్బుని రాసుకుంటూ తిరిగింది. ఆ తర్వాత పడగెత్తి ఉబ్బిన గోడ మీదికి ఒరిగింది. ఆమె ఏడుస్తూ మగ్గుతో నీళ్లు తీసి గీత మీద కొట్టింది. నీళ్లు జారిపోయాయి, గీత అలాగే ఉంది. పిండి కనకలక్ష్మిది. చెయ్యి తనది. తుడవాల్సిందీ తనే.

మామూలు రోజుల్లో టబ్బులోంచి దిగడానికి ఆమెకు ఐదు నిమిషాలు పడుతుంది. ఆ రోజు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. పాము అవతలి పక్కకి తిరిగినప్పుడు నాలుగడుగులు వేసి, మోకాళ్ల మీద కూలబడింది. నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి. తడి అరచెయ్యి గీత మీద పెట్టి రుద్దింది. రాలేదు. ముప్పై ఏళ్ల భయంతో గీసింది మరి, గోడకి కొట్టిన సున్నంలా పట్టేసింది. మళ్లీ రుద్దింది. పాము చుట్టు తిరిగి వచ్చి, ఆమె చేతికి బారెడు దూరంలో ఆగింది. చెయ్యి తీసేస్తే గీత ఉండిపోతుంది.

ఆమె చెయ్యి తీయలేదు. రుద్దుతూనే ఉంది. పిండి కొద్దికొద్దిగా వేళ్లకి అంటుకుంది, కింద మట్టి కనిపించింది.

"పో నాయనా," అంది. "దారి తీశాను, పో."

అది ఆమె మణికట్టు మీదుగా బరువుగా, చల్లగా, చివరిదాకా పాకి కాలవ గట్టు దిగిపోయింది. తెరేసమ్మ అక్కడే, ఆ మట్టిలోనే కూచుని శౌరయ్య కోసం చాలాసేపు ఏడ్చింది.

మధ్యాహ్నం పెళ్లి భోజనం ముగించుకుని వచ్చిన కనకలక్ష్మి పిట్టగోడ మీంచి చూసింది. తెరేసమ్మ పెరట్లో తీగ కట్టి తడి నైటీ ఆరేస్తోంది. చెరిగిన గీతనీ, ఆమె వేళ్లకున్న పిండినీ చూసి కనకలక్ష్మి సంగతి పసిగట్టింది. ఇవతలికి వచ్చి తన పాత గీతంతా తుడిచేసి, పళ్లెం ఆమె చేతికిచ్చింది.

"నీ గీత కూడా ఆపుతోందిగా. నాకు నడుం పడిపోతోంది వదినా, ఇకమీద నువ్వే గియ్యి."

తెరేసమ్మ కిందికి వంగి, వేళ్లతో మెల్లగా కొత్త గీత లాక్కుంటూ వచ్చి కాలవ వైపు ఆపేసింది. రెండు జానల ఖాళీ వదిలింది.

"అంతెందుకు?" అంది కనకలక్ష్మి.

"బాగా లావుగా ఉంది వదినా," అంది తెరేసమ్మ. "జానెడైతే దానికి ఇరుకు."